మూడో సాక్షి

ఈరోజు రిజిస్ట్రార్ ఆఫీసులో మా పెళ్లి నోటీసు అంటించారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే ఇద్దరిలో ఎవరూ మతం మారక్కర్లేదు. కానీ 30 రోజులు మా పేర్లు, అడ్రసులు అందరికీ కనిపించేలా గోడ మీద ఉంటాయి. ఇంట్లో చెప్పకముందే ఎవరైనా చూసి ఫోన్ చేస్తారేమోనని ఒకటే టెన్షన్. అందుకే పోయిన వారమే కర్నూలు వెళ్లి అమ్మీకి చెప్పేశాను.

అమ్మీ కత్తిపీట ముందు కూర్చుని బగారా అన్నానికి ఉల్లిపాయలు తరుగుతోంది. చెయ్యి ఆగింది.

"నిఖా లేకుండా ఎలా బేటీ? ఆ అబ్బాయి కలిమా చదువుతాడా?"

"చదవడు అమ్మీ. నేనూ చదవమని అడగను. నా నమాజు మాత్రం నేను వదలను."

మళ్లీ తరగడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకోలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, రాజమండ్రి వాళ్లు కారం ఎంత తింటారని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని బస్సులో దారంతా ఏడ్చాను.

అబ్బా ఇంకా మాట్లాడట్లేదు. చెల్లికి సంబంధాలు రావేమోనని ఆయన భయం. అది ఉత్తి భయం కాదు, నాకు తెలుసు. ఆయన మీద కోపం రావట్లేదు.

సంతకాలకు ముగ్గురు సాక్షులు కావాలి. ఇద్దరు స్నేహితులు వస్తామన్నారు. మూడో చోటుకు ఇంకా ఎవరినీ అడగలేదు. అబ్బా కోసం ఉంచాను.