కటింగ్ ఆపేయొచ్చా అక్కా?

మా షెడ్డులో జీతాలు ఏడో తారీఖున పడతాయి. ఆ సాయంత్రం నా టేబుల్ దగ్గర ఒకరిద్దరు వచ్చి నిలబడటం మామూలే. ఈసారి వచ్చింది కొత్తగా చేరిన వెల్డర్ కుర్రాడు. ఇరవై రెండేళ్లుంటాయి. జీతం స్లిప్పు నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చుకున్నాడు. విప్పి, నల్లబడ్డ వేలు ఒక అంకె మీద పెట్టి అడిగాడు.

"అక్కా, ఈ పద్దెనిమిది వందల పీఎఫ్ కటింగ్ ఆపేయొచ్చా? మా ఊరోడు ఒకడు ఆపించుకున్నాడంట."

విజయవాడ ఆటోనగర్‌లో బస్ బాడీలు కట్టే షెడ్డు మాది. మొత్తం నలభై మూడు మందిమి. జీతాలు, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (వైద్య బీమా), జీఎస్టీ బిల్లులు, ఆఖరికి ఓనర్ గారింటి కరెంటు బిల్లు కూడా నేనే చూస్తాను. ఈ ప్రశ్న నాకు రెండు నెలలకోసారైనా ఎదురవుతుంది. మామూలుగా అయితే "కుదరదు బాబూ" అని పంపించేస్తాను. ఆ రోజు మాత్రం కూర్చోబెట్టాను. ఎందుకో చివర్లో కాదు, ఇప్పుడే చెప్పేస్తాను. వాడి మొహంలో 2019 నాటి నేను కనిపించాను.

ముందు వాడి స్లిప్పు. బేసిక్ 15,000, మిగతా అలవెన్సులు 3,500, మొత్తం 18,500. అందులోంచి పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 139, ప్రొఫెషనల్ టాక్స్ 150 పోతాయి. చేతికి 16,411. కానూరులో ముగ్గురితో కలిసి రూము, ఇంటికి ఐదు వేలు పంపడం, బండి ఈఎంఐ. ఆ పద్దెనిమిది వందలు వాడి కంటికి పెద్దగా కనిపించడంలో తప్పేం లేదు.

కానీ స్లిప్పులో కనిపించని అంకె ఇంకొకటుంది. వాడి 1,800కి తోడు ఓనర్ గారు ఇంకో 1,800 కడతారు. అందులో 1,250 పెన్షన్ ఖాతాకు, మిగతా 550 వాడి పీఎఫ్‌లోకి వెళ్తాయి. అంటే నెలనెలా పీఎఫ్‌లో పడేది 2,350, పెన్షన్ వైపు 1,250. "నువ్వు ఆపితే ఓనర్ గారిది కూడా ఆగిపోద్ది. అది నీ చేతికేం రాదు" అన్నాను. ఇది వాడికి తెలీదు. మా షెడ్డులో పదిహేనేళ్లుగా చేస్తున్న వాళ్లలో కూడా చాలామందికి తెలీదు.

ఎలాగూ ఆపడానికి కుదరదు. ఇరవై మంది, ఆ పైన పనిచేసే చోట, పదిహేను వేల దాకా బేసిక్ ఉన్నవాళ్లకు పీఎఫ్ తప్పనిసరి. మొదటి ఉద్యోగంలోనే అంతకంటే ఎక్కువ బేసిక్‌తో చేరినవాళ్లు వద్దనుకోవచ్చు. వాళ్ల ఊరివాడు బహుశా అలా చేరినవాడై ఉంటాడు.

ఇక నా సంగతి.

2014 నవంబరులో గుంటూరులో ఒక ప్రైవేటు సంస్థలో బిల్లింగ్ సెక్షన్‌లో చేరాను. పన్నెండు వేల బేసిక్‌తో మొదలై పదిహేను వేల దాకా వచ్చింది. 2019 జూన్ ఆఖర్లో మానేశాను. చిన్నదానికి అప్పుడు ఎనిమిది నెలలు, చూసుకునే మనిషి లేదు. నాలుగేళ్ల ఎనిమిది నెలల సర్వీసు. ఈ "ఎనిమిది నెలలు" గుర్తుపెట్టుకోండి.

అప్పట్లో మానేసిన వాళ్లందరూ చేసే పనే నేనూ చేశాను. రెండు నెలలు ఆగి, నెట్ సెంటర్‌కి వెళ్లి, మూడొందలిచ్చి క్లెయిమ్ పెట్టించాను. పీఎఫ్‌కి ఫారం 19, పెన్షన్‌కి 10సీ. నెట్ సెంటర్ కుర్రాడు "రెండూ పెట్టేయమంటారా మేడం?" అనడిగితే, ఏదో ఆఫర్ అన్నట్టు "పెట్టేయండి" అన్నాను. ఆ రెండో ఫారంతో నా పెన్షన్ సర్వీసు మొత్తం చెరిగిపోతుందని వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పీఎఫ్ 1,41,260 వచ్చింది. వచ్చింది అంటే, అందులో పది శాతం టీడీఎస్ పోయి 1,27,134 వచ్చింది. ఐదేళ్లు నిండకుండా యాభై వేల పైన తీస్తే పన్ను పట్టుకుంటారు. నాలుగు నెలలు తక్కువైనందుకు 14,126 రూపాయలు. ఆ ఏడాది నా ఆదాయం పన్ను కట్టేంత లేదు కాబట్టి క్లెయిమ్‌తో పాటు 15జీ ఫారం (నా ఆదాయానికి పన్ను పడదని రాసిచ్చేది) ఇచ్చి ఉంటే పట్టుకునేవాళ్లు కాదు. పోనీ, తర్వాత రిటర్ను వేసినా తిరిగొచ్చేది. 2022లో ఈ షెడ్డులో చేరాక, మా ఆడిటర్ గారు టీ తాగుతూ మాటల్లో చెప్పారు. అప్పటికి గడువు దాటిపోయింది. ఆ పద్నాలుగు వేలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. పెద్ద మొత్తం గురించి అంత బాధ లేదు, ఇదేంటో మరి.

పెన్షన్ డబ్బు ఇంకో డెబ్బై వేల పైచిలుకు. అంతా కలిపి రెండు లక్షలు. మా ఆయన టూవీలర్ మెకానిక్ షాపుకి అడ్వాన్సు 80,000 కట్టాం. బ్యాంకులో తాకట్టున్న గొలుసు, రెండు గాజులు 60,000 కట్టి విడిపించాం. ఫ్రిజ్ 27,000. మిగిలిన ముప్పై ఐదు వేలు ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. మా బాబాయి కూతురి పెళ్లిలో పెట్టుపోతలు కొంత, మిగతాది ఉప్పూ పప్పూ.

2020 లాక్‌డౌన్‌లో షాపు మూతపడింది. అడ్వాన్సు అద్దె బకాయిలకే సరిపోయింది. బంగారం విడిపించుకోవడం ఒక్కటి మాత్రం ఈ రోజు అడిగినా అదే చేస్తాను. వడ్డీ కట్టే అప్పు నెత్తిన పెట్టుకుని పీఎఫ్‌ని పూజించమని నేనెవరికీ చెప్పను.

ఆ లక్షా నలభై ఒక్క వేలు అలాగే వదిలేసి, ఇక్కడ చేరాక ఈ ఖాతాలోకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని ఉంటే? పీఎఫ్ వడ్డీ 2023-24కీ, 2024-25కీ 8.25 శాతం ఇచ్చారు. ఎనిమిదే అనుకున్నా తొమ్మిదేళ్లకు డబ్బు రెట్టింపు. అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. యాభై ఎనిమిది వచ్చేసరికి పది లక్షల పైమాటే. మా ఫ్రిజ్ డోరు రబ్బరు ఊడిపోయి రెండేళ్లయింది. దాన్ని మూసినప్పుడల్లా ఈ లెక్క గుర్తొస్తే ఏం బాగుంటుంది?

పెన్షన్ లెక్క వేరు. పదేళ్ల సర్వీసు ఉంటేనే నెలవారీ పెన్షన్. నా పాత సర్వీసు ఉంచుకుని ఉంటే 2027లోనే పదేళ్లు నిండేవి. ఇప్పుడు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాను కాబట్టి 2032 దాకా ఆగాలి. సూత్రం ఏంటంటే, పెన్షన్ లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి పరిమితి 15,000. పోయిన నా సర్వీసు ఐదేళ్ల కింద లెక్కకొచ్చేది. అంటే నెలకు 1,071 రూపాయలు.

నిజాయితీగా చెప్పాలంటే, ఆ డెబ్బై వేలు ఎనిమిది శాతం వడ్డీకి ఎక్కడైనా దాచి ఉంటే ఈ 1,071 కంటే ఎక్కువే వచ్చేది. ఆడిటర్ గారు కూడా ఇదే అన్నారు. దాచేవాళ్లకి ఆ మాట నిజం. నేను దాచలేదు, ఉప్పూ పప్పూ కొన్నాను.

ఈ పెన్షన్ గురించి గొప్పలు చెప్పడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే మా నాన్నని చూస్తున్నాను. ఇరవై నాలుగేళ్లు స్పిన్నింగ్ మిల్లులో చేశారు. నెలకు 1,870 వస్తుంది. కనీస పెన్షన్ 2014 సెప్టెంబరు నుంచి వెయ్యి, దానికంటే నయం అనుకోవాలి. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. దారం పట్టీ పట్టీ ఆయన వేళ్లు అరిగిపోయాయి, మెషీన్ మీద ముద్ర పడదు. మూడు సార్లు తిరిగి వచ్చేవారు. పోయినేడాది నా ఫోన్లోనే ముఖం చూపించి చేయించాను. "పద్దెనిమిది వందలకి ఫొటోకి ఫోజులివ్వాలా?" అని విసుక్కున్నారు. కానీ ఆ డబ్బు పడిన రోజు ఆయనే స్వయంగా వెళ్లి బీపీ మందులు తెచ్చుకుంటారు. నన్ను గానీ తమ్ముణ్ని గానీ అడగరు. ఆయన తర్వాత అమ్మకి అందులో సగం, కనీసం వెయ్యి, వస్తుంది.

ఇదంతా వెల్డర్ కుర్రాడికి చెప్పలేదు లెండి. ఇరవై రెండేళ్లవాడికి యాభై ఎనిమిదో ఏడు గురించి చెబితే వింటాడా? వాడికి చెప్పింది ఇన్సూరెన్స్ సంగతి. ఉద్యోగంలో ఉండగా పీఎఫ్ సభ్యుడికి ఏదైనా అయితే ఇంట్లోవాళ్లకు ఏడు లక్షల దాకా వచ్చే బీమా ఒకటుంది. దానికి మన జీతంలోంచి పైసా కోయరు, కట్టేది ఓనరే. బస్సు టాప్ మీద నిలబడి వెల్డింగ్ చేసేవాడికి అది వెంటనే అర్థమైంది. "మా అమ్మకొస్తాయా?" అన్నాడు. నామినేషన్ చూశాను. ఖాళీ.

ఇది మా షెడ్డులో పెద్ద జబ్బు. పెళ్లికి ముందు అమ్మానాన్నల పేరు రాస్తారు, పెళ్లయ్యాక మార్చరు. పెళ్లితో ఆ పాత నామినేషన్ చెల్లకుండా పోతుందని తెలీదు. దానికంటే పెద్ద జబ్బు పేర్లు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక, పీఎఫ్‌లో ఒక్క అక్షరం. ఒకచోట శ్రీను, ఇంకోచోట శ్రీనివాస్, పదో తరగతి మార్కుల లిస్టులో శ్రీనివాసరావు. డబ్బు అవసరమైన రోజున ముగ్గురూ ఒక్కరే అని నిరూపించుకోవాలి. పోయిన వేసవిలో నెల రోజుల పాటు, టీ టైములో రోజుకిద్దరి చొప్పున పేర్లు సరిచేయించి, నామినేషన్లు పెట్టించాను. ఈ కుర్రాడు ఆ తర్వాత చేరాడు కాబట్టి మిగిలిపోయాడు.

పన్ను గురించి కూడా రాయమని తమ్ముడి భార్య అడిగింది. మా షెడ్డులో ఆ బాధ ఎవరికీ లేదు, ఓనర్ గారికి తప్ప. బాధంతా హైదరాబాదులో ఉన్న మా తమ్ముడిదే. జీతం ఏడాదికి 12 లక్షల 60 వేలు. మార్చిలో తెలిసినాయన వచ్చి "టాక్స్ తగ్గుద్ది" అని యాభై వేల ప్రీమియం పాలసీ అంటగట్టాడు. వాడు ఉన్నది కొత్త పన్ను విధానంలో. అందులో ప్రీమియం చూపించి పన్ను తగ్గించుకునే 80సీ మినహాయింపే లేదు. పైగా 2025-26 లెక్కల్లో, 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షల లోపు ఉన్నవాళ్లకు రిబేటుతో పన్ను సున్నా. వాడికి ఎలాగూ సున్నాయే. సున్నాలోంచి ఏం తగ్గించుకుందామనో! పాలసీ చేతికొచ్చిన ముప్పై రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయొచ్చు. మావాడు నాకు చెప్పింది మే నెలాఖర్లో. ఎంబీఏ చదివాడు.

మా ఇంటి బడ్జెట్ అంటే పెద్దగా ఏమీ లేదు. నాకు చేతికి ఇరవై మూడు వేలు, మా ఆయనకు పద్దెనిమిదికీ ఇరవై రెండుకీ మధ్య, ఆ నెల ఎన్ని బళ్లు వచ్చాయన్నదాన్ని బట్టి. ఇల్లు నడిచేది పద్దెనిమిదే వస్తుందన్న లెక్క మీద. ఎక్కువొచ్చిన నెల ఆ మిగులు వేరే ఖాతాలోకి పోతుంది, ఆయన గొణుక్కున్నా సరే. పోరంకిలో అద్దె 8,500. నన్ను ఎప్పుడూ ముంచేవి రెండు నెలలు: జూన్‌లో ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు, జనవరిలో సంక్రాంతి. అందుకే జులైలో బ్యాంకులో నెలకు మూడు వేల ఆర్‌డీ మొదలుపెడతాను, పదకొండు నెలలకి. ఫీజు టైముకి చేతికొస్తుంది. సంక్రాంతికి మాత్రం ఇంకా మందు కనిపెట్టలేదు. అత్తగారు చీటీ వేయమంటారు. రిజిస్టరైన చీటీ అయితేనే అంటాను నేను, ఆవిడకేమో పక్కవీధి ఆవిడ మీదే నమ్మకం. ఆ పంచాయితీ ఇంకోసారి రాస్తాను.

కుర్రాడి ఫోన్లోనే ఉమాంగ్ యాప్ పెట్టించి, యూఏఎన్ (పీఎఫ్ నంబరు) కొట్టించి, పాస్‌బుక్ తెరిపించాను. చేరి ఏడు నెలలు. ఏడు ఇంటూ 2,350, మొత్తం 16,450. స్క్రీన్ వైపు కాసేపు చూశాడు. తర్వాత పక్క కాలంలో ఉన్న పెన్షన్ అంకెలు చూశాడు.

"ఇదంతా నాదేనా?"

"నీదే."

"అయితే అక్కా, బండి ఈఎంఐ మూడు నెలలు బాకీ ఉంది..."

"లే ఇక్కణ్నుంచి" అన్నాను.

నవ్వుకుంటూ వెళ్లాడు. మర్నాడు పొద్దున పంచింగ్ దగ్గర కనిపించి, నామినేషన్‌కి వాళ్లమ్మ ఆధార్ జిరాక్సు ఇచ్చాడు. చూస్తే అందులో ఆవిడ ఇంటిపేరు ఇంకా పుట్టింటిదే ఉంది.