టోక్యోలో నా సంచి, నా కందిపొడి

నిన్ననే గుంటూరు చేరాను. కాళ్ళ వాపు తగ్గకముందే రాసేస్తున్నాను. ఆలస్యం చేస్తే ఈ కథ మా మరిది నోట ఇంకోలా బయటికొస్తుంది.

జపాన్ వీసా, టికెట్లు, టోక్యోలో ఉయెనో అనే పేటలో గది, ఏవీ కష్టం కాలేదు. 58 ఏళ్ళ ఆడమనిషి ఒంటరిగా వెళ్తానంటే వినేవాళ్ళకే కష్టమైంది. "ఒక్కరే ఎందుకు వదినా, ప్యాకేజీలో వెళ్ళండి" అని మరిది. ప్యాకేజీలమ్మే ఆయనైతే, "మీ వయసులో రిస్కు మేడం" అన్నాడు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని, నాకేం రిస్కు అన్నాను. ఆ ఇంగ్లీషే నా కొంప ముంచింది.

దొంగల భయం లేదన్నది నిజమే. రాత్రి పదకొండింటికి వీధిలో ఒక్కదాన్నే నడిచాను, ఎవరూ తలెత్తి చూడలేదు. బుడ్డ పిల్లలు బ్యాగులు తగిలించుకుని వాళ్ళంతట వాళ్ళే రైలెక్కి బడికి పోతున్నారు. నా సంచినీ ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే మర్చిపోయాను.

నాలుగోరోజు ఉయెనోలో యమనోటే లైన్ అనే సిటీ రైలు ఎక్కాను. కిటికీల పైన సామాన్ల అర ఉంటే సంచి అందులో పెట్టాను. షింజుకులో జనంతో పాటు దిగాను. తలుపులు మూసుకున్నాక చూసుకుంటే చెయ్యి ఖాళీ.

ఇక్కడ నా తెలివి చూడండి. యమనోటే లైన్ గుండ్రంగా తిరుగుతుంది, 30 స్టేషన్లు, ఒక చుట్టుకు గంట. అంటే గంట తర్వాత నా సంచి నా దగ్గరికే రావాలి కదా! అక్కడే నిలబడ్డాను. నాలుగు నిమిషాలకొక బండి, అన్నిటికీ అదే ఆకుపచ్చ చార. వచ్చిన ప్రతి బండిలోకీ మెడ చాచి అర మీదికి చూడటం, తలుపులు మూస్తుంటే వెనక్కి గెంతటం. గంటంబావు అలా గడిపి ఏడుపు ముఖంతో స్టేషన్ ఆఫీసుకు పోయాను.

అక్కడి కుర్రాడు చాలా మర్యాదస్తుడు. చేతిలో ఫోన్‌లాంటి అనువాద యంత్రం. ఎన్ని గంటల బండి, ఎన్నో పెట్టె, ఎన్నో తలుపు అని అడిగాడు. ప్లాట్‌ఫాం నేల మీద అవన్నీ రాసే ఉంటాయట. నేను చూస్తేగా! సంచి రంగు అడిగితే నీలమన్నాను, తర్వాత కాదు, ఊదా అన్నాను. మూడేళ్ళుగా మోస్తున్న సంచి.

లోపల ఏముంది అన్నాడు. కళ్ళజోడు, గొడుగు, ఇరవై వేల యెన్లు, కందిపొడి. కందిపొడిని ఇంగ్లీషులో ఏమంటారు? హైదరాబాద్ హోటళ్ళ మెనూలో చూసిన మాట గుర్తొచ్చింది. దర్జాగా యంత్రంలోకి "గన్ పౌడర్" అన్నాను.

యంత్రం జపనీస్‌లో ఏదో చెప్పింది. కుర్రాడి పెన్ను ఆగిపోయింది. నవ్వలేదు, కోప్పడలేదు, "ఒక్క నిమిషం" అన్నట్టు వేలు చూపించి లోపలికి పోయి ఇంకో ఇద్దరిని తీసుకొచ్చాడు. వాళ్ళలో పెద్దాయన నా ముఖం వంక, నా చీర వంక చూశాడు. నాకు చెమటలు. "ఫుడ్! ఫుడ్! రైస్, నెయ్యి!" అంటూ కౌంటర్ మీద గాల్లోనే అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకుని చూపించాను. వెనక క్యూలో పదిమంది. చివరికి ఫోన్‌లో కందిపొడి ఫోటో వెతికి చూపిస్తే పెద్దాయన "ఆఁ" అని ఊపిరి వదిలాడు. పిల్లలకు ఒక్క మాట తప్పు రాస్తే సగం మార్కులు కోసినదాన్ని నేనే.

ఫోన్లు చేశారు. సంచి అదే లైన్లో ఒసాకి అనే స్టేషన్లో ఉందట, ఆ బండి అక్కడితోనే ఆగిపోయిందట. నేను గంటంబావు దేనికోసం నిలబడినట్టు?

ఒసాకిలో పాస్‌పోర్ట్ చూపిస్తే ఇచ్చారు. అది నడుముకి కట్టుకున్న చిన్న సంచిలో ఉంది కాబట్టి సరిపోయింది. మీరూ అలాగే కట్టుకోండి, చేతిసంచిలో మాత్రం పెట్టకండి. డబ్బు ఒక్క యెన్ తగ్గలేదు. తెచ్చిచ్చినవాళ్ళకు థాంక్స్ చెబుదామంటే పేరు ఇవ్వలేదన్నారు. వస్తువుల జాబితా ఒకటి రాసి సంతకం పెట్టించుకున్నారు, అడిగితే నాకో కాపీ ఇచ్చారు.

రాత్రి దాన్ని హోటల్లో అమ్మాయి చేత చదివించాను. గొడుగు 1, కళ్ళజోడు 1, డబ్బు, గోధుమరంగు పొడి 1 పొట్లం, "తినేదని యజమాని చెప్పారు."

ఆ కాగితం బీరువాలో దాచాను. మరిదికి ఇంకా చూపించలేదు.