తాతగారి పికప్‌ను ఎంతవరకు బాగుచేయించాలి?

తాతగారు కొన్న పికప్ ట్రక్కు చాలా ఏళ్లుగా షెడ్డులోనే ఉంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించడానికి ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. పేచీ అంతా ఎంతవరకు బాగుచేయించాలన్న దగ్గరే వచ్చింది. షోరూమ్ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలని నాన్నగారి కోరిక. పైకి పాత బండిలాగే ఉంచి లోపల కొత్త ఇంజను, పవర్ స్టీరింగు, ఏసీ పెట్టించాలని తమ్ముడి పట్టుదల. నడకకు అడ్డొచ్చేవాటినీ, ప్రాణం మీదికి తెచ్చేవాటినీ, వదిలేస్తే ఇంకా తుప్పు తినేవాటినీ బాగుచేయించి, మిగతాది ఉన్నదున్నట్టు ఉంచేయాలన్నది నా మాట. ముగ్గురం ఎవరి ఇష్టాలను వాళ్లు కాస్త పక్కన పెట్టి, అసలు బండి ఏ స్థితిలో ఉందో ముందు చూద్దామనుకున్నాం. సగం వాదన ఆ పరిశీలనలోనే తేలిపోయింది.

పాత బండిని చూడగానే అందరి కళ్లూ రంగు మీద పడతాయి గానీ, ముందుగా చూడవలసింది బండి మొత్తాన్నీ మోసే అడుగు చట్రమైన ఛాసిస్‌ను. తలుపుకు చిల్లు పడితే రేకు అతికించవచ్చు, అద్దం పగిలితే మార్చవచ్చు. ఛాసిస్ పట్టాలే సన్నబడిపోతే పైన ఎంత పోసినా వృథా. మా మెకానిక్ బండి కిందికి దూరి, చిన్న సుత్తితో పట్టా పొడవునా తట్టుకుంటూ వెళ్లాడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది. వెనక కమాను పట్టీలను (లీఫ్ స్ప్రింగులను) పట్టి ఉంచే బ్రాకెట్ల దగ్గర, రెండు రేకులను ఒకదాని మీద ఒకటి వేసి రివెట్లు కొట్టిన చోట, ఆ మొద్దు చప్పుడు వినిపించింది. ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటికంటే చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి, రెండు రేకుల సందులో చేరిన తుప్పు వాటిని లోపలినుంచి తోసి విడదీస్తుంది. మా బండిలో ఆ ఉబ్బు వేలితో తడిమినా తెలుస్తోంది. పట్టాల్లో మిగతా భాగమంతా గట్టిగానే ఉంది. కనుక క్యాబిన్‌నూ సామాను వేసే తొట్టినీ ఎత్తేసి, ప్రతి బోల్టూ విప్పి మొదటినుంచీ కట్టుకురావలసిన అవసరం లేదు. తొట్టి ఒక్కటి ఎత్తితే బ్రాకెట్ల పని అయిపోతుంది. అవసరం లేకుండా బండిని పూర్తిగా విప్పడానికి నేను మొదటినుంచీ వ్యతిరేకిని. అలా విప్పి డబ్బాల్లో పోసిన బండ్లలో చాలావాటికి ఆ డబ్బాల్లోంచి బయటపడే యోగం ఉండదు.

తమ్ముడి కొత్త ఇంజను ప్రతిపాదనకు, ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో మీటరుతో కొలిచే కంప్రెషన్ పరీక్ష జవాబిచ్చింది. అన్నిటికంటే ఎక్కువ రీడింగు వచ్చిన సిలిండర్‌తో పోల్చినప్పుడు మిగతా ఏదీ 75 శాతానికి తగ్గకూడదన్నది మెకానిక్కులు సాధారణంగా పాటించే లెక్క. మా ఇంజనులో ఒక్క సిలిండర్ మాత్రమే అంతకంటే కిందికి వచ్చింది. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూస్తే ముల్లు బాగా పైకి లేచింది. పోసిన నూనె పిస్టన్ చుట్టూ ఉన్న సందును కాసేపు మూస్తుంది కనుక, అలా లేచిందంటే లోపం పిస్టన్‌కు తొడిగిన రింగుల దగ్గర ఉందనీ, లేవకపోతే వాల్వులనో హెడ్ గాస్కెట్‌నో అనుమానించాలనీ అర్థం. ఏళ్ల తరబడి కదలని ఇంజనులో రింగులు తమ గాడిలోనే బిగుసుకుపోవడం మామూలే. కొన్నాళ్లు నడిస్తే అవి వదులు కావచ్చు. కాబట్టి ముందు కార్బురేటర్ శుభ్రం చేయించి, ప్లగ్గులకు నిప్పురవ్వ అందేలా చేసే పాయింట్లూ కండెన్సరూ మార్చి, కొంతకాలం నడిపాక మళ్లీ పరీక్షించాలని నిర్ణయించాం. కొన ఊపిరితోనైనా ఉన్న ఇంజనును పరీక్షకు కూడా పెట్టకుండా తీసి అవతల పారేయడం నాకు సమ్మతం కాదు.

ఇక్కడ ఇంధనం గురించి ఒక మాట చెప్పాలి. 1920ల నుంచి పెట్రోలులో సీసం కలిపేవారు. 2021లో అల్జీరియా కూడా ఆపేయడంతో రోడ్డు వాహనాలకు అలాంటి పెట్రోలు ప్రపంచంలో ఎక్కడా అమ్మడం లేదు. సీసం వల్ల ఏర్పడే పలుచని పొర ఎగ్జాస్ట్ వాల్వుకూ, మూసుకున్నప్పుడు అది ఆనే అంచుకూ (దాన్నే వాల్వు సీటు అంటారు) మధ్య నిలిచి అరుగుదలను అడ్డుకునేది. ఆ కాలపు మెత్తని సీట్లున్న ఇంజను ఎక్కువ బరువుతో, ఎక్కువ వేగంతో నడిస్తే ఇప్పుడు త్వరగా అరుగుతుంది. ఎప్పుడైనా ఇంజను పైభాగమైన హెడ్ విప్పవలసి వస్తే గట్టి వాల్వు సీట్లు వేయించడం మంచిది గానీ, దానికోసమే విప్పనక్కరలేదు. ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు ఆగవు కనుక వాటిని మాత్రం వెంటనే మార్చాలి.

బ్రేకుల విషయంలో ముగ్గురిదీ ఒకటే మాట. 1960ల వరకు వచ్చిన చాలా బండ్లలోలాగే ఇందులోనూ, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను పైపుల్లోకి తోసే మాస్టర్ సిలిండర్‌కు ఒకటే గది ఉంది. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. రెండు గదులున్నది పెట్టిస్తే ముందు చక్రాలకు ఒక లైను, వెనక చక్రాలకు ఒక లైను విడివిడిగా ఉంటాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తలో కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ పట్టాక ఆ పరిమితి 140 డిగ్రీలే. ఆ తేమే సిలిండర్లనూ పైపులనూ లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. అందువల్ల పైపులు, వీల్ సిలిండర్లు, హోసులు అన్నీ కొత్తవే. టైర్లు చూపులకు బాగానే ఉన్నాయి గానీ, పక్క గోడ మీది అంకెల్లో చివరి నాలుగూ తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 1403 అని ఉంటే 2003లో 14వ వారమన్నమాట. మావి చదివాక ఇక చర్చ అవసరం లేకపోయింది.

చివరిదాకా తెగనిది రంగు గొడవే. నాన్నగారి జ్ఞాపకంలో ఆ బండిది ముదురు ఆకుపచ్చ. మెకానిక్ సీటు వెనక రేకు మీద, ఎవరికీ కనిపించని చోట, వాటర్ పేపరును తడిపి నెమ్మదిగా రుద్దాడు. ముందు ఆకుపచ్చ వచ్చింది, దాని కింద బూడిద రంగు ప్రైమరు, ఆ ప్రైమరు కింద లేత నీలం, దాని కింద ఎర్రమట్టి రంగులో ఇంకో ప్రైమరు, చివరికి ఇనుము. రూపాయి బిళ్లంత మేరలో ఒకదాని లోపల ఒకటిగా వలయాలు తేలాయి. అంటే షోరూమ్ నుంచి వచ్చిన రోజున ఈ బండి నీలంగా ఉంది, నాన్నగారికి ఊహ తెలియకముందే తాతగారు ఆకుపచ్చ వేయించారు. ఇప్పుడు కొత్త బండిలా చేయిస్తే నాన్నగారు ఎన్నడూ చూడని బండి తయారవుతుంది. తలుపు మీద తాతగారు తెల్ల రంగుతో రాయించిన పేరు కూడా ఆ ఆకుపచ్చ మీదే ఉంది. తెలుపు రాలిపోయినా, అక్షరాల కింద ఎండ తగలని మేర రంగు ఇంకా ముదురుగా ఉండి, ఏటవాలుగా చూస్తే చదవగలుగుతున్నాం.

పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐవీఏ రూపొందించిన ట్యూరిన్ చార్టర్ ఈ విషయంలో నాకు బాగా ఉపయోగపడింది. కట్టడాల పరిరక్షణ కోసం 1964లో వచ్చిన వెనిస్ చార్టర్ బాటలోనే అదీ నడుస్తుంది; ఉన్నదాన్ని కాపాడడానికే మొదటి ప్రాధాన్యం ఇస్తూ, చేసిన మార్పులను నమోదు చేయమంటుంది. అదంతా ప్రదర్శనశాలల్లో పెట్టే అపురూప వాహనాలకే గాని సామాను మోసిన బండికి వర్తించదని తమ్ముడు అన్నాడు. నా దృష్టిలో సామాను మోసిన బండికే అది ఎక్కువగా వర్తిస్తుంది. ఎందుకంటే అలాంటి బండ్లను ఎవరూ భద్రంగా చూసుకోలేదు, గీతలూ సొట్టలూ లేకుండా మిగిలిందంటే అది పని చేయలేదని అర్థం.

కనుక ఆకుపచ్చను అలాగే ఉంచుతున్నాం. పొరలుగా లేచిన తుప్పును బ్రష్షుతో గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లమున్న ద్రావణం పూసి, ఇనుము బయటపడిన చోట్ల మాత్రం ప్రైమరు వేసి రంగు సరిపోల్చుతారు. లప్పం పెట్టి సొట్టలు నింపే పని లేదు. రేకు పూర్తిగా తినేసిన క్యాబిన్ మూలల్లో కొత్త ముక్క వెల్డింగ్ చేయక తప్పదు. పెచ్చులూడుతున్న వైరింగు అగ్గికి ఆహ్వానం కాబట్టి మొత్తం కొత్తది వేస్తారు. తమ్ముడి కోరికల్లో సీటు బెల్టులూ, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరూ నెగ్గాయి, ఏసీ నెగ్గలేదు. ఛాసిస్‌కు కొత్త రంధ్రం వేయకుండా బిగించగలిగినదైతే సరే, తీసిన పాత భాగం చీటీ కట్టి దాచాలి అన్న షరతుకు అతనూ ఒప్పుకున్నాడు.

తేలనిది తొట్టి వెనక తలుపు, అంటే డాలా ఒక్కటే. పాతది చేత్తో పట్టుకుంటే పొడి రాలే స్థితిలో ఉంది, బదులు దొరికినదానికి ప్రైమరు తప్ప ఏ రంగూ లేదు. మొదటి రంగు ఎక్కడో ఒకచోట కనిపించాలి కదా, నీలం వేయిద్దామని తమ్ముడు. ఆకుపచ్చే ఉండాలని నాన్నగారు. బ్రాకెట్ల వెల్డింగు పూర్తయి తొట్టి తిరిగి కూర్చునేలోగా ఏదో ఒకటి తేల్చి పెయింటరుకు చెప్పాలి.