ఊపిరి బిగబట్టని ఈత

కోరంగి మడ అడవిలో పాటు మొదలైన వేళకి పడవ ఎక్కాం. నీళ్లు చిక్కటి టీ రంగులో ఉన్నాయి. మోచేతి దాకా ముంచితే మన వేళ్లు మనకే కనబడవు. నీళ్లు దిగుతున్న కొద్దీ గట్ల వెంట మడ చెట్ల శ్వాస వేళ్లు మేకులు పాతినట్టు బయటపడుతున్నాయి. ఆస్ట్రేలియాలో చదువుతూ స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈత, నేర్చుకున్నానని విని, పడవ నడిపే పెద్దాయన అడిగాడు: "అడుక్కెళ్లి ఎంతసేపు ఊపిరి బిగబడతారు బాబూ?"

కోనసీమలో ఎవరికి చెప్పినా ముందు వచ్చే ప్రశ్న ఇదే. ఒక్క క్షణం కూడా బిగబట్టకూడదండీ అన్నాను. కాలవలో ఈత నేర్చిన మనవాళ్లు అక్కడ తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే.

రేవులో బుడుంగున మునిగేటప్పుడు గట్టు మీద పీల్చిన గాలితోనే దిగుతాం. లోతుకి ఆ గాలి నొక్కుకుపోతుంది, పైకి రాగానే మళ్లీ మామూలవుతుంది. సిలిండర్ సంగతి వేరు. దాని గొట్టం చివర నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ ఏ లోతుకి ఆ లోతు ఒత్తిడిలో గాలి ఇస్తుంది. సముద్రంలో ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పది మీటర్ల దగ్గర నిండా పీల్చి, బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తుల్లో గాలి రెట్టింపు కావాలని చూస్తుంది. చోటు లేక ఊపిరితిత్తి చిరుగుతుంది. మీటరున్నర లోతు నుంచి వచ్చినా ఈ ప్రమాదం ఉంది. అందుకే రెగ్యులేటర్ నోట్లోంచి జారినప్పుడు కూడా పెదాల సందుల్లోంచి సన్నగా "ఆ..." అంటూ బుడగలు వదులుతూనే ఉండాలి. కుడివైపు ఒరిగి, కుడి చేతిని తొడ పక్క నుంచి వెనక్కి, అక్కణ్నుంచి ముందుకి తిప్పితే గొట్టం మోచేతికి తగులుతుంది. నోట్లో పెట్టుకున్నాక ముందు గట్టిగా ఊది నీళ్లు బయటికి పంపాలి, ఆ తర్వాతే పీల్చాలి.

నేను చదివిన టౌన్స్‌విల్‌లో ఈ కోర్సు నాలుగు రోజులు: రెండు రోజులు కొలను, రెండు రోజులు సముద్రంలో నాలుగు డైవ్‌లు. అది పాసైతే 18 మీటర్ల దాకా దిగొచ్చు. ప్రవేశ పరీక్ష మన పిల్లలకి లెక్కలోది కాదు: ఆగకుండా 200 మీటర్ల ఈత, పది నిమిషాలు తేలి ఉండటం. ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది కళ్లూ ముక్కూ కప్పే మాస్కు. నీళ్లు చేరగానే ముక్కుతో పీల్చేస్తారు, పొలమారుతుంది, కంగారులో పైకి పరిగెత్తుతారు. చేయాల్సిందల్లా మాస్కు పై అంచు నుదుటికి నొక్కి, తల కాస్త ఎత్తి, ముక్కుతో నెమ్మదిగా ఊదడమే. మీసం ఉన్నవాళ్లకి మాస్కు కారుతుంది, ముక్కు కిందనున్న వరస కత్తిరించుకుంటే నిలుస్తుంది. విదేశం వెళ్లబోయేవాళ్లు వేసవిలో కాలవలు కట్టేసేలోగా నడుంలోతు శుభ్రమైన నీట్లో మాస్కు లేకుండా స్నార్కెల్‌తో (నీటి పైకి ఉండే ఊపిరి గొట్టంతో) రోజూ ఐదు నిమిషాలు నోటితో ఊపిరి తీయడం అలవాటు చేసుకోండి. సగం కోర్సు ఇంటి దగ్గరే అయిపోయినట్టు.

చెవుల మాట. నొప్పి మొదలయ్యాక ముక్కు మూసి ఊదితే లాభం లేదు. అరమీటరుకి ఒకసారి, నొప్పి రాకముందే మెల్లగా ఊదాలి. తెరుచుకోకపోతే ఒక మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబుతో దిగనే కూడదు.

మునగడానికి కట్టుకునే సీసపు బరువుల దగ్గర కొత్తవాళ్లందరూ తప్పుతారు. ఉప్పునీరు మనిషిని ఎక్కువ తేలుస్తుంది, కాబట్టి కొలనులో సరిపోయిన సీసం మీద రెండు మూడు కిలోలు కలపాలి. పైగా డైవ్ అయ్యేసరికి రెండు కిలోల గాలి ఖర్చయి సిలిండర్ తేలికవుతుంది. ఆ లెక్క మరిస్తే చివర్లో ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సిన చోట మనిషి బెండు ముక్కలా పైకి తేలిపోతాడు. 11 లీటర్ల సిలిండర్లో 200 బార్ల (బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం) దాకా నింపేది మామూలు గాలే. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి పది మీటర్ల దగ్గర 40 లీటర్లు పడుతుంది. 50 బార్లు మిగిల్చి పైకి రావాలంటే దక్కేది 40 నిమిషాలు.

సైగల్లో ఒకటి మనవాళ్లని ముంచుతుంది. బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదు, "పైకి పోదాం" అని. బాగుందనడానికి చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి.

ఇంత నేర్చుకుని దిగితే అక్కడి సముద్రంలో పగడపు దిబ్బ మీద ముందు చెవికి తెలిసేది చిలుక చేపలు. ముక్కులాంటి పళ్లతో పగడాన్ని గీకి నములుతుంటే చెరుకు కొరికినట్టు కరకరమని వినిపిస్తుంది. ఏ దిక్కు నుంచో మాత్రం పోల్చుకోలేం, ఎందుకంటే నీట్లో శబ్దం గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. ఆ నమిలిన రాయే వెనకనుంచి తెల్ల ఇసుకగా మేఘంలా రాలుతుంది. ఇసుక మీద తెల్లమొన సొర కదలకుండా పడుకుని ఉంటుంది. నీలి చుక్కల టేకు చేప కళ్లు మాత్రం పైకి పెట్టి ఇసుకలో కూరుకుపోతుంది, దాని మీద కాలు పడకుండా చూసుకోవాలి. ఎర్రని రంగు లోతులో ముందుగా పోతుంది. టార్చి వేస్తే తప్ప ఎర్ర చేప కూడా బూడిద రంగే.

హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లని చూసిన కళ్లకి అక్కడి పచ్చ తాబేలు భారీగా ఉంటుంది, డిప్ప మీటరు పొడవు. అదీ ఊపిరికి పైకి రావాల్సిందే కనుక దాని నెత్తి మీదుగా ఈదకూడదు.

"మరి మన దగ్గర ఇయ్యన్నీ ఎందుకుండవు బాబూ?" పగడానికి తేట నీరు, నిలకడైన ఉప్పు కావాలి. మన గోదారి వరదలప్పుడు ఎర్రనీటితో ఒండ్రు మోసుకొస్తుంది, నీట్లో ఉప్పు తగ్గిపోతుంది. ఆ బురదే మడకి ప్రాణం.

పెద్దాయన ఇంకోటి అడిగాడు, "పండుగప్ప ఉంటదా అక్కడ?" ఉంది. బారముండి అంటారు, మన చేపే. మగదిగా పెరిగి తర్వాత ఆడదవుతుంది. కానీ అది ఉండేది పగడాల దగ్గర కాదు, ఇలాంటి మడ నీళ్లలోనే. ఆ నీళ్లలో ఉప్పునీటి మొసళ్లుంటాయి. అందుకని అక్కడ పండుగప్ప కోసం సిలిండర్ వేసుకుని ఎవరూ దిగరు, పడవలోనే కూర్చుని గాలం వేస్తారు.