ఆరు నెలల గడువు

2020 మార్చిలో సెలవు మీద గాజువాక వచ్చాను. వారం తిరక్కుండానే విమానాలు ఆగిపోయాయి. ఇంట్లో వాళ్లకి సంతోషం, నాకేమో టెన్షన్. సింగపూర్‌లో ఓడలు కట్టే యార్డులో పైపు వెల్డర్‌ని నేను. మా సర్టిఫికెట్‌కి ఓ మెలిక ఉంది. ఆ రకం వెల్డింగ్ ఆరు నెలలు చెయ్యకపోతే అది చెల్లదు, మళ్లీ టెస్ట్ కొట్టాల్సిందే.

ఐటీఐ సర్టిఫికెట్‌కి ఇలాంటి బాధేం లేదు. వెల్డర్ ట్రేడ్, ఏడాది కోర్సు, 2005లో పాసయ్యాను. అమ్మ దాన్ని లామినేషన్ చేయించి బీరువాలో పట్టుచీరల కింద దాచింది. ఆ తర్వాత నాకేం వచ్చో, ఏం రాదో అడిగిన నాథుడు లేడు. ఐటీఐలో చేతికిచ్చింది ఎలక్ట్రోడ్ హోల్డర్ ఒక్కటే, అంటే మామూలు కడ్డీ వెల్డింగ్. పైపులకి వాడే ఆర్గాన్ గ్యాస్ టార్చ్ పట్టుకోవడం ఆటోనగర్‌లో ఓ శ్రీకాకుళం అన్న నేర్పాడు. పైసా పుచ్చుకోలేదు, టీ ఖర్చు మాత్రం నాది.

సింగపూర్‌లో 2015లో స్కిల్స్‌ఫ్యూచర్ అని మొదలుపెట్టారు. పాతికేళ్లు దాటిన పౌరులకు కోర్సుల కోసం 500 డాలర్లు ఇచ్చారు. 2024లో నలభై దాటినవాళ్లకు ఇంకో 4,000 కలిపారు. మా ఫోర్‌మన్, చైనీస్ అంకుల్, యాభై దాటాక ఆ డబ్బుతో కంప్యూటర్‌లో డ్రాయింగ్ గీయడం నేర్చుకున్నాడు. చూస్తే ముచ్చటేసింది. కొంచెం కుళ్లు కూడా, ఎందుకు దాచాలి?

నాది వర్క్ పర్మిట్, బయటి దేశపు పనివాళ్లకి ఇచ్చే అనుమతి. ఆ డబ్బు మాకు రాదు, మా లెక్క వేరు. పనివాడికి నైపుణ్యం ఎక్కువని రుజువైతే, వాడి కోసం కంపెనీ ప్రభుత్వానికి నెలనెలా కట్టే లెవీ తగ్గుతుంది. అందుకే టెస్టులకు పంపుతారు. దానివల్ల నేనూ నాలుగు రకాలు నేర్చుకున్నాను, అబద్ధం చెప్పకూడదు. కానీ ఏం నేర్చుకోవాలో చెప్పేది వాళ్లే. ఇన్‌స్పెక్షన్ కోర్సు, అంటే వెల్డింగ్ సరిగా ఉందో లేదో తనిఖీ చేసే పని, నేర్చుకుంటానంటే "నీ పనికి అది ఎందుకు?" అన్నారు.

తిరిగి వెళ్లేసరికి డిసెంబరు. ఈలోగా చెయ్యి మొద్దుబారకూడదని ఆటోనగర్‌లో గేట్లు, గ్రిల్స్ అతికాను. కాగితానికి అవేం లెక్కలోకి రావు. టెస్ట్ 6జీ. పైపుని 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. తిప్పడానికి లేదు, మనమే దాని చుట్టూ తిరగాలి. రూట్, అంటే అడుగున మొదటి వరస, వేసేటప్పుడు రెండు అంచుల మధ్య ఓ చిన్న కన్ను తెరుచుకుంటుంది. మూసుకుపోతే లోపల అతకదు, పెద్దదైతే లోహం జారిపోతుంది. కింద మోకాళ్ల మీద కూర్చుని ఆ కన్నునే చూస్తూ వెళ్లాను. ఎక్స్‌రే రిపోర్ట్ వచ్చేదాకా రెండు రోజులు అన్నం సయించలేదు. పాసయ్యాను.

మొన్న సెలవులో మా ఐటీఐకి వెళ్లాను. షెడ్డు పక్కన వేపచెట్టు బాగా పెరిగింది. ఇన్‌స్పెక్షన్ లాంటిది సాయంత్రం పూట ఏమైనా నేర్పుతున్నారా, నాలాంటి పనివాళ్లకి, అని కౌంటర్లో అడిగాను. లోపలాయన తలెత్తకుండానే ఓ ఫారం తోశాడు.

"రెగ్యులరే బాబూ. పదో తరగతి మెమో, టీసీ తెచ్చుకో."