చవితి పందిరి నుంచి డయాలసిస్ బండి దాకా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మా ఊరి యువజన సంఘానికి మొదట్లో ఉన్న ఆస్తి వినాయక చవితి చందాల పుస్తకం ఒక్కటే. పందిరి వేయడం, నిమజ్జనం నాడు అన్నదానం చేయడం, మిగిలిన డబ్బుతో బడిపిల్లలకు నోటుపుస్తకాలు పంచడం తప్ప మేము చేయదగిన పని మరొకటి ఉంటుందని 2018 అక్టోబరు 11 వరకు మాకెవరికీ తోచలేదు.

ఆ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తాతల నాటి కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగాయి. దారులు మానులతో మూసుకుపోయాయి, కరెంటు స్తంభాలు విరిగిపడ్డాయి. చవితి చందాల మిగులుతో బియ్యం, పప్పు కొని ఇల్లిల్లూ తిరుగుతుంటే ఒక ముసలమ్మ సంచి అందుకోకుండా, "బియ్యం ఉన్నాయి బాబూ, ఎసరు పెట్టడానికి నీళ్లే లేవు" అంది. నిజమే, కరెంటు లేక బోరు మోటార్లు ఆడడం లేదు. పండగకు లైట్లు, మైకు పెట్టే ఆయన జనరేటరు తెచ్చి మంచినీళ్ల ట్యాంకు మోటారుకు తగిలించాం. ఇంటికి ఇన్ని బిందెలని వంతు వేసి, కరెంటు వచ్చేదాకా రోజూ నీళ్లు పట్టించాం, డీజిలు ఖర్చు చవితి పుస్తకంలోనే రాశాం. ఏం కావాలో ముందుగా అడిగి ఆ తరువాతే చందాకు బయలుదేరడం మాకు ఆ ముసలమ్మ నేర్పిన పద్ధతి.

అలా అడగడం మొదలుపెట్టాక ప్రతి వీధిలోనూ వినిపించింది కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలానికి వెళ్లినా ఇదే కథ. ఎందుకు వస్తోందో ఇదమిత్థంగా తేలలేదు గాని, దానితో బతకడం ఎంత కష్టమో ఇక్కడ పసివాళ్లకు కూడా తెలుసు. డయాలసిస్‌కు వారానికి రెండు మూడు సార్లు వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు మంచం మీద ఉండాలి. ప్రభుత్వ కేంద్రంలో వైద్యం ఉచితమే అయినా, రాకపోకల ఆటో కిరాయి ఉచితం కాదు. పైగా తోడు వెళ్లే మనిషికి ఆ రోజు కూలి పోతుంది. డయాలసిస్ అయ్యాక కళ్లు తిరిగి, వాంతులయ్యే మనిషి గతుకుల రోడ్డులో ఆటో కమ్మీ పట్టుకుని కూర్చోవడం ఒక్కసారి చూస్తే, ఏ పని ముందు చేయాలనే చర్చ అక్కర్లేదు. మొదట మా కుర్రాళ్లు సొంత బళ్ల మీద వంతులవారీగా తీసుకెళ్లారు, తరువాత ఒక పాత వ్యాను కొన్నాం.

వ్యానుతో పాటే లెక్కలూ వచ్చాయి. బండి ఎవరి పేరు మీద ఉండాలి, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలు తలెత్తాకనే 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించుకున్నాం. దానికి కనీసం ఏడుగురు సభ్యులు, రాతపూర్వకమైన నియమావళి కావాలి. కాగితాల పనిని చిన్నచూపు చూసే మిత్రులకు నేను గట్టిగా చెప్పేదేమిటంటే, మా ఊరివాళ్లు పొట్టకూటికి గల్ఫ్ దాకా వెళ్లినవాళ్లు, రేయింబవళ్లు పనిచేసి పంపే వెయ్యి రూపాయలకు రసీదు ఇవ్వలేని సంఘానికి ఆ డబ్బు ముట్టుకునే హక్కు లేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం రామమందిరం అరుగు మీద జమాఖర్చులు పైకి చదువుతాం. ఎవరైనా లేచి అడగవచ్చు, అడుగుతారు కూడా.

మేము చేసిన ఒక తప్పును దాచడం న్యాయం కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సాయంతో మొదటిసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షల శిబిరం పెట్టినప్పుడు, ఫలితాలు ఎక్కువ వచ్చినవారిని పేరుపెట్టి పిలిచి పక్కన కూర్చోబెట్టాం. ఈ జబ్బు ఉన్న ఇంటితో సంబంధం కలుపుకోవడానికి జనం వెనకాడతారని తెలిసి కూడా అలా చేశాం. ఒక ఆడపిల్ల తండ్రి మరునాడు నా దగ్గరికి వచ్చి ఒక్క మాటా అనకుండా కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఫలితాలను అతికించిన కవరులోనే ఇస్తున్నాం, విడిగా కూర్చుని వివరిస్తున్నాం, డాక్టరు చెప్పకుండా నొప్పిబిళ్లలు మింగవద్దని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాం.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి మంచినీటి పథకమూ వచ్చింది. ఇక సంఘంతో పనేముందని కొందరు అడిగారు. ఆసుపత్రి రావడం మాకు ఎంతో ఊరట, ఎందుకంటే విశాఖ దాకా పరుగెత్తే బాధ చాలామందికి తప్పింది. అయితే రోగిని గడప నుంచి ఆ గేటు దాకా చేర్చే పని, పింఛను కాగితాలు పూర్తిచేసే పని, ఆ పూట ఇంట్లో పిల్లలకు అన్నం చూసే పని ఇప్పటికీ ఊరివాళ్లే చేసుకోవాలి.

పాత కార్యవర్గంలో సగం మందిమి ఉద్యోగాల కోసం ఊరు వదిలాం. వంతుల పట్టిక ఇప్పుడు డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలు రాస్తున్నారు. రోగులకు ఇష్టమైన వేళలు, ఎవరికి మెట్లు దిగడానికి చేయి అందించాలో కూడా అందులో పేరు పక్కనే రాసి ఉంటుంది. వచ్చే గురువారం నేను ఊళ్లో ఉంటానని తెలిసి, తెల్లవారుజామున అయిదున్నర బండికి నా పేరు వేశారు.