మా ఇంటి ట్యూనర్ కార్డు, నాయనమ్మ క్యాసెట్టు

మేము టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటాం. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. అమ్మాయికి 12 ఏళ్ళు, అబ్బాయికి 8 ఏళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం కనుక మేము చెప్పినదంతా వారికి అర్థమవుతుంది గానీ, జవాబు మాత్రం చాలాకాలం ఇంగ్లీషులోనే వచ్చేది. ఆదివారం తెలుగు తరగతికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నా, తెలుగు వారికి హోంవర్కుగానే మిగిలిపోయింది. ఇంగ్లీషు సరదాకి, తెలుగు పాఠానికి అన్న విభజన మా చేతులతో మేమే చేశామని నాకు ఆలస్యంగా తెలిసింది. ఇంగ్లీషు కార్యక్రమాలు రిమోట్ నొక్కగానే వచ్చేవి. తెలుగువి మాత్రం నా ల్యాప్‌టాప్‌లో ఏదో ఫోల్డరులో ఉండి, నాకు తీరిక దొరికినప్పుడు నేను తీసి పెడితేనే కనిపించేవి.

రెండూ ఒకే తెర మీద, ఒకే పట్టికలో ఉండాలన్న పట్టుదలతో పాత డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను హాల్లోకి తెచ్చాను. అందులో యాంటెన్నా నుంచి వచ్చే టీవీ ప్రసారాలను కంప్యూటర్‌లోకి అందించే, నాలుగు ట్యూనర్లున్న హాపాగ్ క్వాడ్‌హెచ్‌డీ కార్డును అమర్చి, లినక్స్ మీద ప్రసారాలను అందుకొని రికార్డు చేయడానికి టీవీహెడ్‌ఎండ్‌ను, తెరపై చూపించడానికి కోడీని పెట్టుకున్నాను. కార్డు బిగించడానికి పది నిమిషాలు పట్టింది. యాంటెన్నాకు మాత్రం రెండు వారాంతాలు పట్టాయి.

డాలస్ ప్రాంతపు ప్రధాన ప్రసార స్తంభాలు సీడర్ హిల్‌లో ఉన్నాయి; మా ఇంటికి నైరుతి దిక్కున సుమారు 35 మైళ్ళు. యాంటెన్నాను మొదట అటకలో పెట్టి, బొమ్మ ముక్కలు ముక్కలుగా విరుగుతుంటే తప్పు కార్డుదే అనుకున్నాను. అసలు కారణం పైకప్పు. ఎండవేడి లోపలికి రాకుండా ఇక్కడి చాలా ఇళ్ళలో పైకప్పు చెక్కలకు లోపలివైపు అల్యూమినియం రేకు అతికించి ఉంటుంది. వేడిని ఆపే ఆ రేకే ప్రసార తరంగాలనూ ఆపేస్తుంది. మా వారు నిచ్చెన వేసుకొని యాంటెన్నాను వెనుకవైపు చూరుకు బిగించారు. కాలనీ సంఘం అభ్యంతరం చెబుతుందేమోనని భయపడ్డాం గానీ, సొంత ఇంటిమీద టీవీ యాంటెన్నా పెట్టుకోవడాన్ని సంఘాలు నిషేధించకూడదన్న ఎఫ్‌సీసీ (అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ) నిబంధన 1996 నుంచీ ఉంది.

ఛానళ్ళను వెతికే పని అమ్మాయి చేతికిచ్చాను. తెరపై 13 అని కనిపించే కేరా అనే స్థానిక టీవీ ఛానల్ నిజానికి 14వ ఛానల్ పౌనఃపున్యం మీద వస్తుందని చూసి అది ఆశ్చర్యపోయింది. అనలాగ్ కాలం నుంచి జనానికి అలవాటైన సంఖ్యను పైకి చూపిస్తూ, ప్రసారం వేరే చోటినుంచి చేస్తారని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అంటే బళ్ళో పేరొకటి, ఇంట్లో పేరొకటి, నాకులాగా" అంది, తెలుగులోనే. నేను పొగడలేదు, గమనించినట్టు కూడా కనిపించలేదు. పొగిడితే అది మళ్ళీ పాఠమైపోతుందని నా భయం.

రికార్డింగుకు చోటు చాలా కావాలి. హెచ్‌డీ ప్రసారం గంటకు 5 నుంచి 7 గిగాబైట్లు తింటుంది. పీబీఎస్ కిడ్స్ (అమెరికా ప్రజా టీవీవారి పిల్లల ఛానల్) కార్యక్రమాలను వారానికి ఇన్ని అని రికార్డు చేసి, చూశాక చెరిపేస్తాం. ఇంటర్నెట్‌లో ఒకటి అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. ఇక్కడ పట్టికకు ఒక చివర ఉంది. ఆ చివరకు చేరిన పిల్లవాడు పక్కనున్న దాన్ని తెరిచి చూస్తాడు, నాకు కావలసింది అదే.

ఆ పక్కన పెట్టడానికి నా దగ్గర ముందుగా ఉన్నది మా పెళ్ళి క్యాసెట్టు. 1999లో తెనాలిలో తీసింది. అందులో మా నాయనమ్మ మంగళహారతి పాడుతుంది. ఆవిడ గొంతు మరెక్కడా మిగల్లేదు. ఇక్కడి వీసీఆర్‌లో పెడితే గీతలు తప్ప ఏమీ రాలేదు. భారతదేశపు క్యాసెట్టు పాల్ పద్ధతిది: 625 గీతలు, సెకనుకు 25 చిత్రాలు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సెకనుకు దాదాపు 30. అంతకుముందు ఒక దుకాణంలో మార్పించిన కాపీలో ముఖాలన్నీ నల్లబడి వచ్చాయి. అందుకే తమ్ముడు వస్తూ తెనాలి ఇంట్లోని వీసీఆర్‌నే మోసుకొచ్చాడు. అది 220 వోల్టులది కనుక ఇక్కడి 120 వోల్టులను పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను.

వీసీఆర్ నుంచి వచ్చే బొమ్మను కంప్యూటర్‌లో రికార్డు చేయడానికి మరో పాత కార్డు, పీవీఆర్-150, అవసరమైంది. అందులోని ట్యూనర్ అమెరికా ప్రసారాలకే అయినా, పసుపుపచ్చ తీగ ద్వారా వచ్చే బొమ్మను పాల్ పద్ధతిలోనూ చదవగలదు. సెట్టింగులో ఆ ఒక్కమాట మార్చాలి, అంతే. 3 గంటల క్యాసెట్టు సుమారు 11 గిగాబైట్లయింది. క్యాసెట్టు ఎంత సేపు తిరిగితే అంత సేపూ పడుతుంది కాబట్టి ఆ సాయంత్రం అందరం అక్కడే కూర్చున్నాం. జీలకర్ర బెల్లం దగ్గర నవ్విన అబ్బాయి, అప్పగింతల దగ్గర, "అమ్మా, ఎందుకు ఏడుస్తున్నావు? నాన్నతో వెళ్ళడం ఇష్టం లేదా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఇంగ్లీషులో సమాధానం చెప్పడం నాకు చేతకాలేదు. తెలుగులో చెప్పాను, తెలుగులోనే ఇంకో నాలుగు ప్రశ్నలు వచ్చాయి.

కోడీలో పేర్లు తెలుగులో పెట్టినప్పుడు మా తెరమీద వత్తులు విడిపోయి కనిపించాయి. దానికి పిల్లలే ఉపాయం కనిపెట్టారు. ఫోల్డరులో పోస్టర్ పేరుతో ఒక బొమ్మ పెడితే పట్టికలో అదే కనిపిస్తుంది కనుక, కాగితం మీద బొమ్మ గీసి, కింద పేరు రాసి, స్కాన్ చేసి పెడుతున్నారు. మా అమ్మ వీడియో కాల్‌లో చెప్పిన కథలకు కూడా ఇప్పుడు పోస్టర్లున్నాయి. 'మంగళహారతి'లో హాకు దీర్ఘం ఎక్కడ పెట్టాలని అబ్బాయి అక్కను అడిగాడు, నన్ను కాదు. అక్క చెప్పింది తప్పే. నేను దిద్దలేదు, రెండు వారాల తర్వాత వాడే చూసుకొని మళ్ళీ రాశాడు.

ఇంకో క్యాసెట్టు మిగిలింది, మా తమ్ముడి ఉపనయనానిది. కోస్తా తేమకు టేపు అంచున తెల్లగా బూజు పట్టింది. అలాగే పెడితే వీసీఆర్ హెడ్డుకు అంటుకొని మిగతావీ పాడవుతాయి కాబట్టి, దాన్ని శుభ్రం చేయగలిగినవారు దొరికేదాకా పొడిగా ఉండే డబ్బాలో దాచాను. పోస్టరు మాత్రం అమ్మాయి అప్పుడే గీసేసింది.